తలకు దెబ్బ తగిలితే గుండె ఎందుకు పరుగెడుతుంది? మెదడు గాయం తర్వాత వచ్చే ‘సింపథెటిక్ స్టార్మ్’ గురించి

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ తమ్ముడికి 24 ఏళ్లు. కావలి దాటాక హైవే మీద బైక్ డివైడర్‌కు కొట్టుకుంది. హెల్మెట్ పెట్టుకున్నాడు గానీ బకిల్ బిగించలేదు. నెల్లూరులో ఐసీయూలో చేర్చి ఇవాళ్టికి 13 రోజులు. సీటీ స్కాన్‌లో ఆపరేషన్ చేయాల్సినంత రక్తపు గడ్డ లేదన్నారు. మొదటి వారం మత్తు మందులతో వెంటిలేటర్ మీద కదలకుండా ఉన్నాడు. మత్తు తగ్గించిన దగ్గర్నుంచి రోజుకు నాలుగైదుసార్లు ఒళ్లంతా చెమట, 140 దాటే పల్స్, జ్వరం, చేతులు కర్రల్లా బిగుసుకుపోవడం, ఓ 20 నిమిషాలకు తనంతట తానే సర్దుకోవడం. ముందు ఇన్ఫెక్షన్ అన్నారు, తర్వాత ఫిట్స్ కావచ్చన్నారు, నిన్న ‘సింపథెటిక్ స్టార్మ్’ అన్నారు. తల దెబ్బకూ గుండెకూ ఏమిటి సంబంధం, వాడికి నొప్పి తెలుస్తోందా, మేం ముట్టుకుంటేనే ఎక్కువవుతోంది కాబట్టి లోపలికి వెళ్లకూడదా అన్నవి మీ ప్రశ్నలు. ఇంట్లో నాయనమ్మ గాలి సోకిందంటోందని కూడా రాశారు. దాని గురించీ చెబుతాను.

నేను మత్తు డాక్టర్ని. ఒంగోలులో కొన్నాళ్లు, నెల్లూరులో ఎక్కువకాలం, కలిపి 22 ఏళ్లుగా తల గాయాల ఐసీయూల్లోనే నా డ్యూటీ. చెన్నై–కోల్‌కతా హైవే ఈ రెండు జిల్లాల మీదుగానే పోతుంది కాబట్టి మీ తమ్ముడిలాంటి కుర్రాళ్లను చూడని నెల నాకు లేదు. మీ తమ్ముణ్ని మాత్రం నేను చూడలేదు. అందుకని మందుల మోతాదుల జోలికి వెళ్లను. ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే మీ చేతుల్లో ఉన్న పని కూడా కొంత కనబడుతుంది.

సింపథెటిక్ అన్న మాటకు ఇక్కడ జాలితో సంబంధం లేదు. స్కూల్లో ‘సహానుభూత నాడీ వ్యవస్థ’ అని చదివి మర్చిపోయి ఉంటారు. చేలో గట్టు మీద నడుస్తుంటే కాలి పక్కన కట్లపాము కదిలిందనుకోండి. మీరు ఆలోచించే లోపే గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగమవుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, కంటిపాప పెద్దదవుతుంది, చేతివేళ్లు చల్లబడతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. ఈ మొత్తం పని చేసేది ఆ వ్యవస్థే. పాము పొదలోకి పోయాక పది నిమిషాల్లో అంతా మామూలవుతుంది. భయం దానంతట అదే తగ్గిందనుకుంటాం. దానంతట అది తగ్గదు. మెదడులో కొన్ని భాగాలు కిందికి ‘ఇక చాలు’ అని చెబితే తగ్గుతుంది. ఆ మాట కిందికి చేరే దారే మీ తమ్ముడికి తెగింది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దాని నుంచే తెలుస్తుంది.

ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. గుండెకు, రక్తనాళాలకు, చెమట గ్రంథులకు, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు వెళ్లే సింపథెటిక్ నరాలు వెన్నుపాములోనే మొదలవుతాయి. ఛాతీ భాగం పైనుంచి నడుము పైభాగం దాకా ఒక వరసలో ఈ కణాలుంటాయి. వాటికి పైన, మెడ వెనక పుర్రె అడుగున ఉండే మెదడు కాండంలో బీపీని క్షణక్షణం సరిచూసే కేంద్రాలున్నాయి. ఇంకాస్త పైన హైపోథలామస్, ఒంటి వేడిని, ఆకలిని, హార్మోన్లను చూసుకునేది. అన్నిటికంటే పైన మెదడు పొరలో, కణత వెనక మడతల్లో, ఇది నిజంగా ప్రమాదమా లేక ఒట్టి అలికిడేనా అని తేల్చే భాగాలు. పైనుంచి కిందికి వచ్చే ఆజ్ఞల్లో ‘పరుగెత్తు’ అనేవే ఎక్కువ అనుకుంటాం. ‘ఆగు, అంత వద్దు’ అనేవే చాలా ఉంటాయి. వెన్నుపాముకు సొంతంగా విచక్షణ లేదు. చర్మం నుంచో మూత్రాశయం నుంచో కబురు రాగానే ఎగిరిపడటమే దానికి తెలుసు.

మన వైపు చెరువు కింద సేద్యం చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. చెరువులో నీళ్లు ఎప్పుడూ తోసుకొస్తూనే ఉంటాయి. తూము ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది నీరుగంటి చూసుకుంటాడు. నీరుగంటి రాని రోజు చెరువులో నీళ్లేమీ పెరగవు. కానీ గేదెలు కాసే పిల్లాడు ఆటకు తూము కదిపినా కింద మడులు మునుగుతాయి. మీ తమ్ముడి విషయంలోనూ మెదడు ఎక్కువ పని చేసేసి గుండెను తరుముతోందని అనుకోకండి. తూము దగ్గర మనిషి లేడు. పోలిక ఇక్కడి దాకానే పనికొస్తుంది. ఒంట్లో అయితే పారిన నీరే మళ్లీ వెనక్కి వచ్చి తూమును ఇంకా పైకెత్తుతుంది. దాని సంగతి తర్వాత.

మరి స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు కదా అని మీకు అనిపించడం సహజం. నన్ను బంధువులు ఎక్కువగా అడిగేదీ ఇదే. గిన్నెలో జున్ను పెట్టుకుని బైక్ మీద వెళ్తూ సడన్ బ్రేక్ కొట్టండి. గిన్నెకు సొట్ట పడదు. జున్ను మాత్రం లోపల మెలితిరుగుతుంది. తల వేగంగా తిరిగి ఆగినప్పుడు మెదడుకూ అదే జరుగుతుంది. మెదడు పైపొర ఒక సాంద్రతలో, లోపలి తెల్లటి తీగల కట్టలు ఇంకో సాంద్రతలో ఉంటాయి. రెండూ ఒకే వేగంతో తిరగవు, వాటి నడుమ సన్నటి నరాల తంతువులు సాగిపోతాయి. అవన్నీ ఆ క్షణంలోనే తెగిపోవు. సాగినచోట ఉబ్బి, లోపలి సరఫరా ఆగి, గంటల్లోనో కొద్ది రోజుల్లోనో తెగుతాయి. ఆ తంతువులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నవి. సీటీకి అవి కనబడవు. ఎంఆర్ఐలో అయితే చిన్నచిన్న రక్తపు చుక్కలుగా వాటి జాడ కనిపించవచ్చు. ఇలాంటి తుఫాను వచ్చినవాళ్ల ఎంఆర్ఐలు చూస్తే రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ వెనకభాగంలో, మెదడు నుంచి కిందికి దిగే తీగల కట్టలో, మెదడు కాండం పైభాగంలో దెబ్బలు ఎక్కువగా ఉంటాయి. కింది కేంద్రాలకు కబుర్లు చేరవేసే దారులు అటువైపే కదా.

వయసు కూడా ఒక కారణం. ఇది కుర్రాళ్లలోనే ఎక్కువ. వేగంగా వెళ్లి పడేదీ వాళ్లే, ఇలా లోపలి తీగలు తెగే గాయాలూ వాళ్లకే. ఇంతవరకు పుస్తకాలకెక్కిన కేసుల్లో ఐదింట నాలుగు తల గాయాలే. మిగతావి గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్లు, నీట మునిగి బతికినవాళ్లు, మెదడులో రక్తస్రావమైనవాళ్లు.

దారి తెగాక కింద ఏం జరుగుతుందన్నదానికి నాకు బాగా నచ్చిన వివరణ సిడ్నీలో పనిచేసిన ఇయాన్ బాగ్లీ అనే వైద్యుడిది. 2008లో రాశారు. వెన్నుపాముకు రెచ్చగొట్టే కబుర్లూ వస్తాయి, అణిచిపెట్టే కబుర్లూ వస్తాయి. మామూలుగా రెండూ త్రాసులో సమంగా ఉంటాయి. పైనుంచి అణిచేవి రావడం ఆగితే చర్మం మీద ఈగ వాలినా, దుప్పటి జరిగినా వెన్నుపాము దాన్ని పెంచి పెద్దచేసి నొప్పిగా లెక్కవేస్తుంది. వెంటనే సింపథెటిక్ కణాలనూ కండరాలను బిగించే కణాలనూ ఒక్కసారే లేపుతుంది. గుండె, చెమట, జ్వరంతోపాటు చేతులు బిగుసుకోవడం కూడా కలిసే రావడానికి కారణం ఇదే. ఆ బిగుసుకున్న కండరం, తడిసిన దుప్పటి, వేగమైన ఊపిరి మళ్లీ వెన్నుపాముకు కొత్త కబుర్లు పంపుతాయి. పారిన నీరు తూమును ఇంకా ఎత్తుతుందన్నది దీన్నే.

ఒకసారి దగ్గర్నుంచి చూస్తే మర్చిపోలేరు. నా వార్డులో రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఒక కుర్రాడుండేవాడు. మధ్యాహ్నం రెండింటికి మానిటర్ మీద పల్స్ 92, ఊపిరి నిమిషానికి 18. సిస్టర్ మెడ దగ్గరి గొట్టంలోంచి కఫం లాగడానికి సక్షన్ పైపు దించింది. మహా అంటే పది సెకన్ల పని. ముందు ఊపిరి మారింది. తర్వాత పల్స్ 110, 126, 148. పైపెదవి మీద చెమట బొట్లు పుట్టాయి, నిమిషంలో నుదురు, ఛాతీ, దిండు తడిసిపోయాయి. మోచేతులు చాచుకుపోయి మణికట్లు లోపలికి తిరిగాయి. బీపీ పై అంకె 184. నుదురు కాలిపోతోంది, వేళ్లు పట్టుకుంటే మంచుముక్కలు. రక్తనాళాలు ముడుచుకుని చివర్లకు రక్తం తగ్గుతుంది కాబట్టి అలా ఉంటుంది. 25 నిమిషాలకు అన్నీ వచ్చిన దారినే పోయాయి. వాళ్లమ్మ అద్దం అవతల నిలబడి చూస్తోంది. “సార్, అబ్బయ్య పరుగెత్తి వచ్చినట్టున్నాడు” అంది. అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను. ఆ సమయంలో రక్తం తీసి చూస్తే అడ్రినలిన్, నార్అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు రెండు మూడు రెట్లు పెరిగి ఉంటాయని పరిశీలనల్లో తేలింది. మంచం మీదే పడుకుని పరుగుపందెం పెట్టినంత ఖర్చు ఒంటికి.

చెమట గురించి ఒక చిన్న తమాషా ఉంది. గుండెకు వెళ్లే సింపథెటిక్ నరం చివర్లో నార్అడ్రినలిన్ వదులుతుంది. చెమట గ్రంథికి వెళ్లే సింపథెటిక్ నరం మాత్రం ఎసిటైల్‌కోలిన్ అనే వేరే రసాయనం వదులుతుంది. అందుకే గుండె వేగాన్ని తగ్గించే మందులు వేశాక పల్స్ దిగినా చెమట పోస్తూనే ఉండవచ్చు. మందు పనిచేయలేదని కంగారుపడకండి. ప్రకాశం వైపు మిరప చేలల్లో పురుగుమందు కొట్టి విషం ఎక్కి వచ్చినవాళ్లకూ ఇలాగే ధారాపాతంగా చెమట ఉంటుంది. కానీ వాళ్ల కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో చొంగ కారుతుంది, పల్స్ తరచుగా పడిపోతుంది. అక్కడ పెరిగేది ఎసిటైల్‌కోలిన్. ఈ కుర్రాళ్లలో పాప విచ్చుకుంటుంది, పల్స్ ఎగబాకుతుంది. రెండు జబ్బుల్లోనూ చెమట ఒకటే కనబడుతుంది, లోపలి కథలు వేరు.

జ్వరం సంగతి కూడా. సూక్ష్మజీవులు వచ్చినప్పుడు మెదడు కావాలనే ఒంటి వేడి మట్టాన్ని పెంచి పెట్టుకుంటుంది. పారాసిటమాల్ ఆ మట్టాన్ని దించుతుంది. ఇక్కడ మట్టం మారలేదు. బిగుసుకున్న కండరాలు, పెరిగిన జీవక్రియ వేడి పుట్టిస్తున్నాయి. అందుకని పారాసిటమాల్‌కు ఇది అంతగా లొంగదు. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, ఏసీ, ఫ్యాన్ కొంత నయం. మరీ చన్నీళ్లు వద్దు, ఆ చల్లదనమే ఇంకో ఎపిసోడ్‌కు కారణం కావచ్చు.

ఇది ఫిట్సా అన్న అనుమానం మీ డాక్టర్లకే కాదు, 1929లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే పేరున్న మెదడు సర్జన్‌కూ వచ్చింది. మెదడు లోతుల్లో కణితి ఉన్న ఒక రోగిలో ఇలాంటి ఎపిసోడ్లు చూసి ఆయన దాన్ని ఒక రకం మూర్ఛగానే రాశాడు. తర్వాత మెదడు విద్యుత్ తరంగాలను గీసి చూపే ఈఈజీలు వచ్చాయి. ఎపిసోడ్ నడుస్తుండగా తీసినా ఫిట్స్ తాలూకు తరంగాలు కనబడలేదు, ఫిట్స్ మందులు దీన్ని ఆపలేదు. ఆ తర్వాతి ఎనభై ఏళ్లలో ఒక్కొక్కరూ ఒక్కో పేరు పెట్టారు. లెక్కేస్తే ముప్ఫైకి పైగా తేలాయి. 2014లో నిపుణులంతా కూర్చుని ‘పారాక్సిస్మల్ సింపథెటిక్ హైపర్‌యాక్టివిటీ’ అని స్థిరపరిచారు. పొట్టిగా పీఎస్‌హెచ్. కేస్ షీట్‌లో ఆ మూడక్షరాలు కనిపిస్తే ఇదే. అయితే తల గాయంలో అసలైన ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ఒకసారి ఈఈజీ తీయించడం దండగ కాదు.

ముందు ఇన్ఫెక్షన్ అన్నందుకు మీ డాక్టర్ల మీద కోపం పెట్టుకోకండి. నేనే వాళ్ల స్థానంలో ఉంటే కల్చర్లు (రక్తం, కఫంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షలు) పంపకుండా ఈ పేరు ఎత్తను. వెంటిలేటర్ మీద రెండు వారాలున్నవాడికి న్యుమోనియా, మూత్రం గొట్టం నుంచి ఇన్ఫెక్షన్, కాలి సిరలో గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎక్కడం, పుర్రెలో ఒత్తిడి పెరగడం అన్నీ సాధ్యమే. మద్యం అలవాటుంటే అది ఆగినందుకు కూడా చెమట, వణుకు, జ్వరం, దడ వస్తాయి. సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లోనే వస్తాయి. ఇంట్లోవాళ్లు పరువు కోసం “మావాడు ముట్టడు సార్” అంటారు, మేం తప్పుదారి పడతాం. మీ తమ్ముడికి ఆ అలవాటుంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. రోజుల తరబడి ఎక్కించిన మత్తు మందుల్ని ఒక్కసారిగా ఆపినా ఇలాంటి లక్షణాలే వస్తాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా పక్కకు జరిపాకే పీఎస్‌హెచ్ అనాలి. పల్స్, ఊపిరి, బీపీ, వేడి, చెమట, బిగుసుకోవడం అనే ఆరింటికి మార్కులు, ఎపిసోడ్ తీరుకు మరికొన్ని మార్కులు వేసే పట్టిక ఒకటుంది. మొత్తం 17, ఆపైన వస్తే ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. 8 కంటే తక్కువైతే వేరేదేదో వెతకాలి. మధ్యలో ఉంటే అనుమానమే.

నేను రెండు వైపులా తప్పు చేశాను. డ్యూటీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక ఆసుపత్రిలో ఇలాంటి అబ్బాయికి తొమ్మిది రోజులు మూడు యాంటీబయాటిక్‌లు మార్చాం. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, జ్వరం తగ్గలేదు, వాళ్ల నాన్న అర ఎకరం తాకట్టు పెట్టాడు. జ్వరం చెమటతోనూ పల్స్‌తోనూ కలిసి వచ్చి కలిసి పోతోందని చార్టులో రాసే ఉంది. దాన్ని వరసగా చదివినవాళ్లం లేము. కొన్నేళ్ల తర్వాత, పీఎస్‌హెచ్ అంటే బాగా తెలుసనుకున్న రోజుల్లో, ఇంకో అబ్బాయికి ఎపిసోడ్లు ఎక్కువయ్యాయని మందు పెంచమన్నాను. రాత్రి షిఫ్టుకు వచ్చిన సిస్టర్ దుప్పటి ఎత్తి చూస్తే మూత్రం గొట్టం తొడ కింద మడతపడి ఉంది. సరిచేయగానే ముప్పావు లీటరు దిగింది, పావుగంటలో పల్స్ వంద లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి మందు పెంచే ముందు దుప్పటి ఎత్తి చూడటం అలవాటైంది.

ఇక నొప్పి తెలుస్తోందా అన్న ప్రశ్న. పైన చెప్పిన తిరుగుడంతా వెన్నుపాములో, మెదడు కాండంలో జరిగేది. అది జరగడానికి స్పృహ అవసరం లేదు. గాఢమైన కోమాలో ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. కాబట్టి చేతులు బిగుసుకుని మొహం అలా మారినంత మాత్రాన వాడు లోపల నరకం అనుభవిస్తున్నాడని ఊహించుకోకండి. కానీ స్పృహ కొద్దికొద్దిగా తిరిగి వస్తున్న కుర్రాడిలో ఎక్కడ గీత గీయాలి? అందుకని నేను మాత్రం నొప్పి ఉందనుకునే చికిత్స చేస్తాను. కాలి ఎముక విరగడం, పుండుపడిన వీపు, నాలుగు రోజులుగా విరేచనం లేకపోవడం వంటివి ఉన్నాయేమో వెతుకుతాను. దీనికి వాడే మందుల్లో మార్ఫిన్, గాబాపెంటిన్ నొప్పి దారిలో పనిచేసేవే. అవి చాలామందిలో ఎపిసోడ్లను తగ్గించడం కూడా బాగ్లీ చెప్పినదానికి బలమే. ప్రొప్రానొలాల్ అడ్రినలిన్‌ను గుండె దగ్గర అడ్డుకుంటుంది, మెదడులోకీ వెళ్లగలదు. క్లోనిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్ మెదడు కాండంలోనే సింపథెటిక్ ఆజ్ఞల్ని తగ్గిస్తాయి. బాక్లోఫెన్ వెన్నుపాములో లేకుండా పోయిన అణచివేతను కొంత తిరిగి తెస్తుంది. వీటిలో ఏది, ఎంత, ఎన్నాళ్లు అన్నది వాళ్లకు వదిలేయండి. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. హాలోపెరిడాల్, మెటోక్లోప్రమైడ్ లాంటి డోపమిన్‌ను అడ్డుకునే మందులు కొందరిలో దీన్ని పెంచుతాయి. వాంతులకనో, గోల చేస్తున్నాడనో అవి రాసి ఉంటే “ఇవి అవసరమా సార్” అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. రెండోది, ఇంటికి పంపాక ప్రొప్రానొలాల్, క్లోనిడిన్, బాక్లోఫెన్ మధ్యలో సొంతంగా ఆపకూడదు. మందుల షాపులో స్టాక్ లేదని నాలుగు రోజులు ఆగినా ఎదురుదెబ్బ కొడతాయి.

మీరు వెళ్లకూడదా అంటే, వెళ్లండి. ఎలా వెళ్లాలన్నదే చూసుకోవాలి. వెనక నుంచి హఠాత్తుగా చేయి వేయకండి. ముందు మెల్లగా పేరు పెట్టి పిలిచి, నేను ఫలానా అని చెప్పి, ఒక్క చోట, అరచేయి మొత్తం ఆనించి, కదపకుండా ఉంచండి. వేళ్లతో నిమరడం, పాదాలు రుద్దడం, చెంపలు తట్టి లేపబోవడం వద్దు. సన్నటి తాకిడే వెన్నుపామును ఎక్కువ రేపుతుంది, నిలకడైన ఒత్తిడి తక్కువ రేపుతుంది. విజిటింగ్ టైంలో ఊరి నుంచి వచ్చిన ఎనిమిది మంది వరసగా లోపలికి వచ్చి, ఒక్కొక్కరూ ఏడ్చి, ఒక్కొక్కరూ తల నిమిరి వెళ్లడం మన దగ్గర మామూలే. ప్రేమతోనే అయినా ఈ కుర్రాళ్లకు అది భారమే. మీరూ అమ్మా మార్చి మార్చి వెళ్లి, మిగతావాళ్లను బయట కూర్చోబెట్టండి. డ్రెస్సింగ్, ఫిజియోథెరపీ, ఎక్స్‌రే ఒకదాని వెంట ఒకటి పెట్టే బదులు మధ్యలో విశ్రాంతి ఉండేలా, కఫం తీసే ముందు రాసిన మందు పడేలా సిస్టర్లు చూసుకుంటారు. మీ వంతుగా ఒక పది రూపాయల నోటు పుస్తకం కొనండి. ఎపిసోడ్ ఎన్నింటికి మొదలైంది, దానికి ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగింది, ఎంతసేపుంది అని మూడు గడులు గీసుకోండి. నా వార్డులో ఒక అక్క అలా రాసిన పుస్తకంలోనే పక్క బెడ్ ఇన్ఫ్యూజన్ పంప్ అలారం మోగినప్పుడల్లా వాళ్ల తమ్ముడికి మొదలవుతోందని తేలింది. బెడ్ మార్చాం, రోజుకు ఆరు వచ్చేవి రెండుకు దిగాయి. ఆ సంగతి డాక్టర్లెవరికీ తట్టలేదు.

నాయనమ్మను కసురుకోకండి. ఎవరూ ముట్టకుండానే మనిషి వణికి, చెమటలు పట్టి, కళ్లు తేలేసి, మళ్లీ మామూలైతే ఆవిడ తరంవాళ్లు ఇంకేమనుకుంటారు? తాయెత్తు తెస్తే దిండు దగ్గర పెట్టించండి. చేతికి కట్టనివ్వకండి, అక్కడ సెలైన్ సూది, బీపీ పట్టీ ఉంటాయి. విభూతి, కొబ్బరినూనె ముక్కు దగ్గరికీ మెడ గొట్టం దగ్గరికీ పోనివ్వకండి. 

ఇది ఊరికే చూస్తూ వదిలేసేది కాదు. రోజూ ఇన్నిసార్లు పరుగు పెట్టిన ఒళ్లు వారాల్లోనే చిక్కిపోతుంది. ముక్కు గొట్టంలో ఇచ్చే ఆహారం లెక్క ఎపిసోడ్లను కూడా కలుపుకుని వేశారా అని డైటీషియన్‌ను అడగండి. చెమటతో పోయే నీళ్ల లెక్క కూడా. బీపీ అదుపులో లేకపోతే మెదడు వాపుకు మంచిది కాదు. అడ్రినలిన్ పోటు ఎక్కువైతే కొందరిలో గుండె కండరం కొన్నాళ్లు నీరసించిపోతుంది. మోచేయి, తుంటి కీళ్ల చుట్టూ ఉండకూడని చోట ఎముక పెరిగే ప్రమాదం కూడా వీళ్లలో ఎక్కువ. కీలు వాచి, వేడిగా ఉండి, రోజురోజుకూ తక్కువగా వంగుతోందనిపిస్తే ఫిజియో మాస్టారికి వెంటనే చూపించండి.

ఎన్నాళ్లుంటుంది? మత్తు కప్పి ఉంచిన రోజులు మొదటి దశ, అది మీరు దాటారు. ఇప్పుడున్నది రెండోది. కొందరికి రెండు మూడు వారాల్లో, కొందరికి నెలల మీద ఎపిసోడ్ల సంఖ్య తగ్గుతూ వస్తుంది. మొదట చెమటలు ఆగుతాయి, కండరాల బిగుతు మాత్రం వెనక మిగిలిపోయి ఫిజియోథెరపీతో చాలాకాలం పోరాడాల్సి వస్తుంది. వాడు మళ్లీ మాట్లాడతాడా, బైక్ ఎక్కుతాడా అన్నది ఈ తుఫాను చెప్పదు. దాన్ని తేల్చేది లోపల తీగలు ఎంత తెగాయన్నది. తుఫాను వచ్చినవాళ్లలో కూడా నడుచుకుంటూ నా ఓపీకి వచ్చి, పెళ్లి శుభలేఖ ఇచ్చినవాడున్నాడు. మంచంలోనే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. 13వ రోజున ఎవరైనా మీకు గట్టిగా అటో ఇటో చెబితే నమ్మకండి.

ఇంటికి తెచ్చే రోజు ఎండాకాలంలో పడితే పడక రేకుల కింద, మిద్దె మీద గదిలో వేయకండి. రోహిణి కార్తెలో కరెంటు పోయిన గంటకే పాత ఎపిసోడ్లు తిరిగి వచ్చినవాళ్లను చూశాను. కింది గది, ఇన్వర్టర్, టీవీకి దూరం. అది తర్వాతి మాట. రేపు ఉదయం రౌండ్స్‌లో డాక్టర్ దగ్గర రెండు అడగండి: వాడికి విరేచనమై ఎన్ని రోజులైంది, ఎపిసోడ్ నడుస్తుండగా ఈఈజీ తీశారా. వాళ్లేం చెప్పారో, నోటు పుస్తకంలో రెండు మూడు రోజులవి ఏం తేలాయో రాయండి, చూసి చెబుతాను.